ఉప్పునీటి అక్వేరియంలో చేపలు వేసే ముందు

కొత్త ట్యాంకులో చేపలు ఉన్నట్టుండి చనిపోతే ముందు అనుమానించాల్సింది అమ్మోనియానే, అంటే చేపల వ్యర్థాలు, మిగిలిన తిండి కుళ్లి నీళ్లలో చేరే విషం. నీళ్లు తేటగా కనిపించినా అది ఉండొచ్చు. అందుకే చేపలు కొనకముందే టెస్ట్ కిట్‌తో చూడండి: అమ్మోనియా, దాని నుంచి పుట్టే మరో విషం నైట్రైట్, రెండూ సున్నాకు రావాలి. వాటిని మార్చేసే మంచి బ్యాక్టీరియా ట్యాంకులో పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. షాపువాళ్లు తొందరపెట్టినా ఆగండి.

నల్లగొండలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆర్వో నీళ్లే వాడండి. అందులో మెరైన్ సాల్ట్ (ఉప్పునీటి అక్వేరియం కోసం అమ్మే ఉప్పు) కలపాలి, వంట ఉప్పు వద్దు. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే హైడ్రోమీటర్ 1.025 దగ్గర చూపించాలి.

వేడి 25–27 డిగ్రీలు. మన ఎండాకాలంలో కష్టమంతా ఇక్కడే. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, దానికి తోడు కరెంటు పోతే గంటల్లోనే చేపలు పోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ముందే తెచ్చిపెట్టుకోండి.

ఆ గదిలో దోమల మందు కొట్టకండి.

మొదట ఒకటి రెండు చేపలే, అవీ ట్యాంకు నీళ్లు కొద్దికొద్దిగా అలవాటు చేశాకే వదలండి.