పాతిక మంది సాఫ్ట్‌వేర్ ఆఫీసు: ఇంటీరియర్ కాంట్రాక్టరును పిలవకముందే తేల్చుకోవాల్సినవి

హైదరాబాద్‌లో మాదాపూర్ వైపో గచ్చిబౌలి వైపో ఒక ఫ్లోరు తీసుకున్నారనుకుందాం. ఎనిమిదేసి మంది ఉన్న మూడు టీములు, మొత్తం 24 మంది. ముందు కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల నిజంగా వాడుకోగలిగే నేల, ఎంతో తేల్చుకోండి. లీజు కాగితంలో కనిపించే సూపర్ బిల్టప్‌లో లాబీ, లిఫ్టు, మెట్లు అన్నీ కలిసి ఉంటాయి. అందులో 70 శాతం చేతికొస్తే బాగా వచ్చినట్టే. గదులు, నడవలు, ప్యాంట్రీ కలిపి మనిషికి 100 చదరపు అడుగులు వేసుకుంటే 2,400 కావాలి. పొదుపు పేరుతో దాన్ని 70కి దించితే ముందుగా కోతపడేవి చిన్న గదులు. ఈ ఆఫీసు నడిచేదే వాటి మీద.

గోడలు తీసేస్తే అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని చాలామంది యజమానుల నమ్మకం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు రెండు కంపెనీల్లో కొలిచి, 2018లో ప్రచురించిన ఫలితం దీనికి పూర్తిగా ఎదురు: ఓపెన్ ఆఫీసుకు మారాక ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. పక్కవాళ్లకు ఇబ్బందని నోరు మూసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు మరి. అలాగని విడివిడి క్యాబిన్లూ పరిష్కారం కాదు. దూరం పెరిగేకొద్దీ సాంకేతిక విషయాలు మాట్లాడుకోవడం తగ్గిపోతుందని, 50 మీటర్లు దాటేసరికి దాదాపు ఆగిపోతుందని ఎమ్ఐటీ ప్రొఫెసర్ థామస్ ఆలెన్ 1970ల్లోనే చూపించారు. అందుకే టీమంతా ఒకే చోట కూర్చోవాలి, తలుపు వేసుకుని మాట్లాడే గది నాలుగు అడుగులు వేస్తే చేరేలా ఉండాలి.

లేఔట్ గీసే ముందు ఎవరు ఎవరితో రోజూ మాట్లాడతారో కాగితం మీద గీతలు గీయండి. టెస్టర్లను డెవలపర్లకు ఆనుకుని కూర్చోబెట్టండి. రోజంతా ఫోన్లో ఉండే సేల్స్, సపోర్ట్ వాళ్లను ఫ్లోరుకు అవతలి కొసకు పంపండి. ఎదురెదురుగా నాలుగేసి బల్లలు వేస్తే ఒక టీము 20 అడుగుల పొడవులో సర్దుకుంటుంది. మధ్య అడ్డుపలక నేల నుంచి 1,100 మి.మీ. మించకూడదు. కూర్చున్నవాళ్లకు ఎదుటివాళ్ల కళ్లు కనపడాలి. వీపులు ఆనించినట్టుండే రెండు వరసల బల్లల అంచుల మధ్య 1,800 మి.మీ. వదలండి. ప్యాంట్రీకి పోయే దారి టీము మధ్యలోంచి పోనివ్వకండి.

బల్ల తిన్నగా ఉండాలి, 1,500 × 750 మి.మీ. సైజులో. ఎల్ ఆకారం బల్ల చూడ్డానికి హుందాగానే ఉంటుంది కానీ, మూలలో ఇరుక్కున్న స్క్రీను ముందు రెండో కుర్చీ పట్టదు. ఇద్దరు కలిసి కోడ్ రాయడం కుదరదు. సొరుగుల పెట్టె చక్రాల మీద ఉన్నదే తీసుకోండి. బిగించేస్తే పక్కన కూర్చునేవాళ్ల మోకాళ్లకు అడ్డం. స్క్రీన్లు కిటికీకి ఎదురుగానూ వద్దు, వీపుగానూ వద్దు, కిటికీ ఒక పక్కకు వచ్చేలా ఉండాలి. పడమటి అద్దాలకు బ్లైండ్లు లేకపోతే మూడు దాటాక ఆ వరస ఖాళీ అయిపోతుంది. బల్ల మీద 500 లక్స్ వెలుతురు చాలు.

ఆర్డరు ఇచ్చే ముందు ఒక టీము స్థలాన్ని మాస్కింగ్ టేపుతో నేల మీద అసలు కొలతలకు గీసి, కుర్చీలు వేసి, ఇద్దరు ముగ్గురిని నడిపించి చూడండి. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లుంటే ఈ దశలోనే అడిగేయండి. కరెంటు పని ముగిశాక తూర్పుముఖం గుర్తొస్తే నేలలో పాతిన కరెంటు ఫ్లోర్ బాక్సులన్నీ మళ్లీ తవ్వాల్సిందే.

ఇక గదులు. పది మంది పట్టేది ఒకటి, 10 × 10 అడుగులవి టీముకొకటి చొప్పున మూడు, ఒక్కరు కూర్చుని కాల్ మాట్లాడుకునే ఫోన్ బూత్‌లు నాలుగు. బూత్‌ల లెక్క పగటి రద్దీని చూసి వేయకండి. అమెరికా క్లయింట్లున్న ఆఫీసులో అసలు గిరాకీ సాయంత్రం ఆరున్నర నుంచి. న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. ఆ వేళకు చాలా భవనాల్లో సెంట్రల్ ఏసీ ఆపేస్తారు, కావాలంటే గంటకింత అని అదనపు బిల్లు వేస్తారు. చిన్న గదులకైనా విడిగా స్ప్లిట్ ఏసీలు పెట్టించండి.

అయితే స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. తొమ్మిదడుగుల ఎత్తున్న ఆ 10 × 10 గదిలో నలుగురు తలుపు మూసుకుంటే పావుగంటలోపే అది 1,000 పీపీఎమ్ (పది లక్షల వంతుల గాలిలో వెయ్యి వంతులు) దాటుతుంది. గంటకల్లా అందరికీ ఆవులింతలు. మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి అందేలా డక్టు వేయమని డ్రాయింగులోనే రాయించండి.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం శబ్దం దగ్గర. గాజు పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దాకా వచ్చి ఆగిపోతుంది. పైన స్లాబు వరకూ అంతా ఖాళీ. గదిలో మాట సీలింగ్ పలకల్లోంచి పైకెక్కి పక్క గదిలో దిగుతుంది. మందం గాజుకు ఎంత ఖర్చుపెట్టినా దండగే. గాజు ఆగిన చోటి నుంచి స్లాబు దాకా జిప్సమ్ గోడ లేపించండి: రెండు వైపులా 12.5 మి.మీ. బోర్డు రెండేసి పొరలు, మధ్యలో 50 మి.మీ. రాక్‌వూల్ (శబ్దం పీల్చే రాతి పీచు). డక్టులు, వైర్లు దూరే కంతలన్నీ సీలెంట్‌తో పూడ్చాలి. ఫ్రేము లేని గాజు తలుపు నాలుగు వైపులా శబ్దం కారుతుంది. ఫ్రేము, రబ్బరు గాస్కెట్, కింద డ్రాప్ సీల్ (తలుపు మూయగానే నేలకు దిగి సందు మూసే పట్టీ) ఉన్నదే పెట్టించండి. లోపల రెండు గాజు గోడలు ఎదురెదురుగా ఉంటే వీడియో కాల్లో అవతలివాళ్లకు మన గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఒకదానికైనా కూర్చున్నవాళ్ల తల ఎత్తులో శబ్దం పీల్చే 50 మి.మీ. అకౌస్టిక్ ప్యానెల్ బిగించండి. కెమెరా టీవీ పైన కాకుండా కింద, కళ్ల ఎత్తులో ఉండాలి.

వైట్‌బోర్డు గదిలో దాచకుండా టీము పక్కనే నిలబెట్టండి, 4 × 8 అడుగులది. గాజు బోర్డు మీద దీపాలు మెరుస్తాయి, మామూలు అయస్కాంతాలూ నిలవవు. సిరామిక్ పూత ఉన్న స్టీలు బోర్డు మేలు. బల్లకు నెట్‌వర్క్ కేబుల్ కోసం రెండు క్యాట్-6 పాయింట్లు, నాలుగు కరెంటు సాకెట్లు. ఆ సాకెట్లలో మూడు యూపీఎస్ మీద.

కాంట్రాక్టరు బిల్లులో 5 శాతం ఆపి ఉంచే షరతు ముందే రాసుకోండి. పని అప్పగించిన రోజు ప్రతి గదిలో ఒకరిని మామూలు గొంతుతో మాట్లాడమని, తలుపు వేసి బయట నిలబడండి. గొంతు వినపడితే ఫరవాలేదు. మాటలు అర్థమైతే మాత్రం ఆ 5 శాతం ఇవ్వకుండా సీలింగ్ పలక తీయించి పైన గోడ ఎక్కడిదాకా లేచిందో చూడండి.