మన కారు మనమే చూసుకుందాం – 7వ పాఠం: సైలెన్సర్ విరిగితే మెకానిక్ దాకా వెళ్లడం ఎలా?

గత పాఠంలో జాకీ ఎక్కడ ఆనించాలో, ఒట్టి జాకీని నమ్ముకుని కారు కిందికి ఎందుకు దూరకూడదో చూశాం. ఈ పాఠంలో కారు కిందికి తొంగి చూడాల్సిన పని ఉంది. అది చదవనివాళ్లు ముందు అది చదివి రండి.

ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెడితే కారు బాగా కిందికి దిగుతుంది. ఊరి మొదట్లో రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ ఎదురవుతుంది. కింద ఏదో గట్టిగా కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే ఇంజిన్ ట్రాక్టర్‌లా మోత. కారులో ఉన్నవాళ్లందరికీ ఆ మోతకే టెన్షన్. మోత వల్ల ఊళ్లో నలుగురూ తిరిగి చూస్తారు, అంతే. కారు వెనక నుంచి బయటికి పోవాల్సిన పొగ ఇప్పుడు మీ సీట్ల కింద వదులుతోంది. భయపడాల్సింది దానికి.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పీల్చే గాలిలో 0.16 శాతం ఉంటే చాలు, 20 నిమిషాల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి. గంట, రెండు గంటల్లో ప్రాణమే పోవచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బీఎస్-4 (పొగ ప్రమాణాల్లో ఒక స్థాయి) పెట్రోలు కారు పొగలో, ఐడిలింగ్‌లో అంటే కారు కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, 0.3 శాతం దాకా ఈ వాయువును అనుమతిస్తారు. అంటే పరీక్షలో పాసైన కారు పొగ కూడా మూసిన క్యాబిన్‌లో చేరితే మనిషిని పడగొట్టగలదు. అదీ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి పైపు మధ్యలో ఉండే డబ్బా) శుభ్రం చేశాక వచ్చే పొగ. కన్వర్టర్‌కి ముందే పైపు విరిగితే లోపలికి వచ్చేది అంతకన్నా ఘోరంగా ఉంటుంది. డీజిల్ పొగలో ఈ వాయువు తక్కువే, కానీ డీజిల్ కదా అని అద్దాలు మూసుకుని కూర్చోకండి.

కాబట్టి ఈ పాఠం మొత్తానికీ ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఎక్కడ విరిగింది?

ఇంజిన్ నుంచి వెనకదాకా వరసగా ఒకసారి చూద్దాం. ఇంజిన్‌కి అంటుకుని, దాని పొగనంతా ఒక్క పైపులోకి చేర్చే మేనిఫోల్డ్ ఉంటుంది. దాని తర్వాత కన్వర్టర్, ఇంజిన్ అదురు పైపుకి తగలకుండా అల్లిక చుట్టిన ఫ్లెక్సిబుల్ పైపు. ఇవి రెండూ ముందూ వెనకా ఎలా ఉంటాయన్నది కారుని బట్టి మారుతుంది. ఆ తర్వాత సీట్ల కింద పొడుగ్గా సాగే మధ్య పైపు, చివర్లో డబ్బాలా ఉండే సైలెన్సర్. ఈ లైనంతా రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతుంది. ఎక్కువగా పోయేవి ఈ రబ్బర్లు, సైలెన్సర్ డబ్బా అతుకులు. డబ్బా లోపలి నుంచి తుప్పు పడుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో డబ్బా సరిగా వేడెక్కదు, ఆ నీరు అక్కడే నిలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి బయటి నుంచి కూడా తింటుంది. అన్నట్టు, చాలా డబ్బాలకు కింద నీరు కారడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. అది లీకు కాదు, దాన్ని మూసేయకండి.

ఇప్పుడు కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అందరినీ దింపండి. వేడిగా ఉన్నప్పుడు పైపు ముట్టుకోకూడదు. కన్వర్టర్ మామూలు నడకలోనే 400 డిగ్రీలు దాటుతుంది. ఎండుగడ్డి మీదా, రోడ్డుపై ఆరబోసిన పంట మీదా ఆపొద్దు. విరిగిన చోటు నుంచి తన్నే వేడి పొగకి గడ్డి అంటుకోగలదు. కనీసం ముప్పావు గంట చల్లారనిచ్చి, కారు ఎత్తకుండానే నేల మీద పడుకుని సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. వేలాడుతున్న ముక్క ఏదో తెలిసిపోతుంది. పైకి ఏమీ కనపడకపోతే మసి వెతకండి. పొగ తన్నిన చోట పైపు మీదో, దాని పక్క రేకు మీదో నల్లటి చార పడుతుంది. అతుకు చుట్టూ మిగతాదంతా దుమ్ము రంగులో ఉండి ఒకవైపే నల్లగా ఉంటే లీకు అక్కడే.

బానెట్ వైపు నుంచి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టిక్కు టిక్కుమని కొట్టి, వేడెక్కాక తగ్గే చప్పుడు వస్తే మేనిఫోల్డ్ ప్యాకింగ్ పోయి ఉండే అవకాశం ఎక్కువ. వేడికి ఇనుము సాగి సందు కొంత మూసుకుంటుంది, అందుకే తగ్గుతుంది. తగ్గింది కదా అని బయల్దేరకండి.

విరిగింది చివరి డబ్బా దగ్గర, వెనక సీటుకి అవతల అయితే, జాగ్రత్తగా దగ్గరలోని వెల్డింగ్ షాపు దాకా నడపొచ్చు. సీట్ల కింద మధ్య పైపు అయితే, నడిపేవారు ఒక్కరే, అన్ని అద్దాలూ దించి, అతి దగ్గరి షాపు దాకా మాత్రమే. కన్వర్టర్ దగ్గరో, దానికి ముందో, మేనిఫోల్డ్ దగ్గరో అయితే నడపొద్దు. అక్కడి పొగ బానెట్ కింద చేరి, ముందు అద్దం మొదట్లో ఉండే గాలి ద్వారం గుండా నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. ఆ వేడికి దగ్గర్లోని వైర్లు, ప్లాస్టిక్ గొట్టాలు కరుగుతాయి. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ కూడా తప్పు లెక్క చెప్పి పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. జాతీయ రహదారి మీద ఉంటే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకోండి.

వేలాడుతున్న పైపుని కట్టకుండా కదలొద్దు. ముఖ్యంగా ముందు కొస ఊడి కిందికి దిగితే అది గుంతలో గుచ్చుకుని కారుని ఎత్తి పడేయగలదు. కట్టడానికి ఇల్లు కట్టే చోట దొరికే బైండింగ్ వైరు చక్కగా పనికొస్తుంది. తాడు, ప్లాస్టిక్ ట్యాగు, గుడ్డ పనికిరావు, కాలిపోతాయి. వైరుని రెండు పేటలు చేసి, పైపు చుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండు కొసలనీ పాత రబ్బరు తగిలించి ఉన్న కొక్కేనికి ఎక్కించండి. కటింగ్ ప్లేయర్‌తో మెలి తిప్పుతూ పైపు మామూలు ఎత్తుకి రాగానే ఆపండి. బిగదీసి కట్టకండి, ఇంజిన్ అదిరినప్పుడు పైపు వేలెడంత కదలాలి, లేకపోతే వైరు తెగుతుంది. మిగిలిన కొసను లోపలికి మడవండి. పక్కనే సన్నటి ఇనుప గొట్టాలు కనిపిస్తాయి. అవి బ్రేకువో పెట్రోలువో. వాటికి వైరు చుట్టడం ప్రాణాలతో చెలగాటం.

చిన్న చిల్లు అయితే పాలపొడి డబ్బా రేకు కత్తిరించి పైపు చుట్టూ చుట్టి, రెండు వైపులా హోస్ క్లిప్పులు బిగిస్తే షాపు దాకా ఆగుతుంది. ఎం-సీల్ ఈ వేడికి నిలవదు. రేకు చుట్టినా పొగ పూర్తిగా ఆగిందని అనుకోవద్దు, కింద చెప్పే జాగ్రత్తలన్నీ పాటించాల్సిందే.

పిల్లల్నీ, గర్భిణుల్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లనీ ఎక్కించకండి. వాళ్లని ఆటోలోనో బస్సులోనో పంపండి. డిక్కీ గట్టిగా మూసి ఉండాలి. అది తెరుచుకుంటే, కారు వెనక పడే ఖాళీలో సుడి తిరిగే పొగ లోపలికి లాగబడుతుంది. నాలుగు అద్దాలూ దించండి. ఏసీలో లోపలి గాలినే తిప్పే బటన్ ఆపి, బయటి గాలి తీసుకునేలా పెట్టి బ్లోయర్ ఎక్కువ చేయండి. యాక్సిలరేటర్ నెమ్మదిగా, 40 దాటకుండా. సిగ్నల్ దగ్గర, రైల్వే గేటు దగ్గర ఇంజిన్ ఆపేయండి, నిలబడ్డ కారు చుట్టూనే పొగ పేరుకుంటుంది. నీళ్లు నిలిచిన రోడ్డు వద్దు. తల బరువుగా అనిపించినా, ఆవులింతలు ఆగకపోయినా అలసట అనుకోవద్దు. కారు ఆపి, దిగి, దూరంగా గాలిలో కూర్చోండి. ఎవరైనా మత్తుగా మాట్లాడితే 108కి ఫోన్ చేసి, కార్బన్ మోనాక్సైడ్ పీల్చారని స్పష్టంగా చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకండి. అది ఈ విషవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా ఆక్సిజన్ పట్టినట్టే లెక్కేస్తుంది.

షాపులో వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించండి. కరెంటు వెల్డింగ్ వల్ల కారు కంప్యూటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వేస్తే పికప్ పెరుగుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సైలెన్సర్ ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన చెబుతోంది. పొగ, చప్పుడు ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. మెకానిక్ దగ్గరికే వెళ్తున్నామన్న మాట పోలీసు వినాలని కూడా ఏమీ లేదు.

ఈ వారం అభ్యాసం: ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకముందే టార్చితో మీ కారు కింద చూసి, రబ్బరు హ్యాంగర్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో పగుళ్లు పట్టినవి ఏవో రాసుకోండి. తర్వాత ఆరుబయట స్టార్ట్ చేసి, ఇంకొకరిని మందపాటి తడిగుడ్డతో వెనక గొట్టాన్ని రెండు మూడు సెకన్లు మూయమనండి. లైను బాగుంటే గుడ్డని పొగ బలంగా తోస్తుంది. మధ్యలో ఎక్కడైనా బుస్సుమంటే లీకు ఉన్నట్టే. డిక్కీలో స్టెప్నీ పక్కన రెండు మీటర్ల బైండింగ్ వైరు, ఒక కటింగ్ ప్లేయర్, రెండు హోస్ క్లిప్పులు, ఒక జత మందపాటి గ్లౌజులు పెట్టండి. 8వ పాఠంలో ఆ రబ్బర్లను మనమే మార్చుకోవడం చూద్దాం.