శాప్ డిక్షనరీలో స్ట్రక్చర్ ఎలా చేయాలి?

విశాఖ మధురవాడలో ఆఫీసుకి కొత్తగా చేరే పిల్లలకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది: నాలుగు ప్రోగ్రాముల్లో అవే ఫీల్డులు కావాలంటే నాలుగుచోట్లా టైపులు రాయకండి, శాప్ (కంపెనీల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) డిక్షనరీలో, అంటే డేటా టైపులన్నీ ఉండే చోట, ఒక్క స్ట్రక్చర్ (ఫీల్డుల కట్ట) చేసి అన్నిచోట్లా వాడుకోండి.

పోర్టులో దిగే బొగ్గు లెక్కే తీసుకుందాం: ఓడ పేరు, మెటీరియల్ (సరుకు), బరువు, ఫ్రైట్ (ఓడ రవాణా ఖర్చు). ఎస్‌ఈ11 (శాప్‌లో డిక్షనరీ తెరిచే కోడ్) తెరిచి, డేటా టైప్ దగ్గర జెడ్‌తో మొదలయ్యే పేరు (మనం సొంతంగా చేసేవాటికి పెట్టేది) కొట్టి క్రియేట్ నొక్కండి, ఏం కావాలని అడిగితే స్ట్రక్చర్ అనండి. డిస్క్రిప్షన్‌లో "టెస్ట్" అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫీల్డుల పేర్లు, పక్కన డేటా ఎలిమెంట్లు (ఫీల్డు టైపూ పొడవూ ముందే చెప్పి ఉంచిన పేర్లు) ఇవ్వండి. మెటీరియల్‌కి నేరుగా క్యారెక్టర్ 18 అని కొట్టేయొద్దు, మెటీరియల్ నంబరుకి శాప్‌లో ఉన్న మ్యాట్‌నర్ అనే డేటా ఎలిమెంటు వాడండి. శాప్ పాత వెర్షన్ ఈసీసీలో 18 అక్షరాలున్న ఆ నంబరు కొత్త వెర్షన్ ఎస్/4హానాలో 40కి పెరిగింది. మ్యాట్‌నర్ వాడిన స్ట్రక్చర్ దానంతటదే పెరిగింది, 18 కొట్టినవాళ్ళు ఒక్కొక్కటీ వెతుక్కున్నారు.

ఇక అందరూ బోల్తా పడేది కరెన్సీ/క్వాంటిటీ ఫీల్డ్స్ ట్యాబ్‌లో. ఫ్రైట్ ఏ కరెన్సీదో, బరువు ఏ యూనిట్‌దో ఇక్కడ చెప్పకపోతే స్ట్రక్చర్ యాక్టివేట్ అవ్వదు, అంటే వాడకానికి సిద్ధం కాదు. ఎర్రర్ పోతే చాలని మనవాళ్ళు ఏదో సేల్స్ టేబుల్ పేరూ దాని కరెన్సీ ఫీల్డూ కొట్టేస్తారు. యాక్టివేట్ అయిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు. అసలు గొడవ అప్పుడే మొదలు.

ఎందుకంటే అమౌంట్ ఫీల్డు లోపల మామూలుగా రెండు దశాంశాలతో ఉంటుంది, జపాన్ యెన్‌కేమో దశాంశాలే లేవు. 12,50,000 యెన్‌లు లోపల 12,500.00గా కూర్చుంటాయి. పక్కనే యెన్ అని తెలిస్తేనే ఏఎల్‌వీ (రిపోర్టుని పట్టికగా చూపించే శాప్ టూల్) దాన్ని సరిగ్గా చూపిస్తుంది. వేరే టేబుల్‌కి ముడిపెడితే మన వరసలో ఉన్న కరెన్సీకీ ఆ అంకెకీ సంబంధం తెగిపోతుంది. నేనూ ఒకసారి ఇలాగే చేశాను. రూపాయలతో టెస్ట్ చేశాను కాబట్టి ఏమీ బయటపడలేదు. తర్వాత ఒక రాత్రి ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటుంటే క్లయింట్ అకౌంట్స్ ఆయన ఫోన్: "ఏంటి బాబూ, ఫ్రైట్ ఇంత తగ్గిందా?" పొట్లం అక్కడే వదిలేసి పరిగెత్తాను.

అందుకే కరెన్సీ ఫీల్డు అదే స్ట్రక్చర్‌లో, అమౌంట్ పక్కనే పెట్టండి. రిఫరెన్స్ టేబుల్ అన్నచోట ఈ స్ట్రక్చర్ పేరే ఇవ్వండి. బరువుకి యూనిట్ కూడా అంతే. ఎక్లిప్స్ అనే ఎడిటర్‌లో కోడ్‌గా రాస్తే సుఖమంటారు కొందరు, అక్కడా ఈ ముడి వేయాల్సిందే. నాకైతే ట్యాబ్ కళ్ళ ముందు ఉండాలి, ఎస్‌ఈ11లోనే చేయండి.

ఎక్స్‌ట్రాస్ మెనూలో ఎన్‌హాన్స్‌మెంట్ కేటగిరీ (తర్వాత దీనికి ఫీల్డులు కలపొచ్చా లేదా అన్నది) ఎంచుకుని, కంట్రోల్ ఎఫ్3తో యాక్టివేట్ చేయండి. ప్యాకేజీ (మనం చేసినవి ఉంచే ఫోల్డరు లాంటిది) అడిగినప్పుడు లోకల్ ఆబ్జెక్ట్ నొక్కకండి, నొక్కితే అది ఈ సిస్టమ్‌లోనే ఉండిపోతుంది; ఆ తర్వాత ప్రొడక్షన్‌కి (అసలు పని నడిచే సిస్టమ్‌కి) వెళ్ళలేదేంటని నన్ను అడగకండి.