మేరీ లింకన్ తెల్ల బాదం కేకు ఇంట్లో చేసుకోవడం ఎలా

అబ్రహాం లింకన్ భార్య మేరీ టాడ్ గురించి ఎక్కడ చదివినా రెండే మాటలు, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెట్టేదని, చివరికి మతి చలించిందని. నాకిది చాలా అన్యాయం అనిపిస్తుంది. ఆమె ఇంట్లో చేసేదని పేరున్న ఈ కేకు చేసేటప్పుడైనా ఆమె గురించి ఇంకాస్త తెలుసుకుందాం.

మేరీ 1818లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో బాగా డబ్బున్న ఇంట్లో పుట్టింది. ఆరేళ్లకే తల్లి పోయింది. 1825లో ఫ్రెంచ్ సేనాని లాఫయెట్ ఆ ఊరికి వచ్చినప్పుడు జిరాన్ అనే మిఠాయి వంటగాడు ఈ కేకు చేశాడని, టాడ్ వాళ్లు తర్వాత అతని దగ్గర పద్ధతి తెలుసుకున్నారని చెప్పుకుంటారు. ఒక విషయం దాచకూడదు, ఆ ఇంట్లో వంటపని బానిసలది. అలా పెరిగిన అమ్మాయి 1842లో లింకన్‌ని పెళ్లి చేసుకుని, ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వారానికి 4 డాలర్ల అద్దెగదిలో కాపురం మొదలుపెట్టింది. 1844లో సొంత ఇల్లు కొనుక్కున్నాక పనమ్మాయి ఉన్నా లేకపోయినా వంటింటి బాధ్యత ఆమెదే.

కావలసినవి: బాదం 1 కప్పు, ఉప్పులేని వెన్న 1 కప్పు (225 గ్రాములు), పంచదార 2 కప్పులు, మైదా 3 కప్పులు, బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, పాలు 1 కప్పు, 6 గుడ్ల తెల్లసొన, వెనీలా ఎసెన్స్ 1 టీస్పూన్, చిటికెడు ఉప్పు. పైన చల్లడానికి పొడి పంచదార. పాలు, వెన్న, గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి ముందే బయట పెట్టేయండి.

బాదం పప్పుని మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి వార్చేస్తే తొక్క వేళ్లతో నొక్కగానే జారిపోతుంది. తడి పూర్తిగా ఆరాకే పొడి చేయాలి, మిక్సీ ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్ద అయిపోతుంది కాబట్టి కొలిచిన మైదాలోంచే రెండు చెంచాలు కలిపి, ఆపి ఆపి తిప్పండి. మిగిలిన మైదా, బేకింగ్ పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించండి. ఓవెన్‌ని 175 డిగ్రీల సెల్సియస్‌కి ప్రీహీట్ చేయండి. వెన్న, పంచదార తెల్లగా తేలిగ్గా అయ్యేదాకా గిలకొట్టి, మైదా కొంచెం, పాలు కొంచెం మార్చి మార్చి వేస్తూ కలపండి. తర్వాత బాదం పొడి, వెనీలా. ఇప్పుడు పిండి బాగా గట్టిగానే ఉంటుంది, కంగారుపడి పాలు ఎక్కువ పోయకండి.

అసలు పనంతా తెల్లసొన దగ్గరే ఉంది. 1825లో బేకింగ్ పౌడర్ అనేదే లేదు, కేకు పొంగాలంటే తెల్లసొనలోకి ఎక్కించిన గాలే దిక్కు, అదీ చేత్తో గిలకొట్టాలి. మనకి బీటర్ ఉంది కాబట్టి ఐదు నిమిషాల పని, కానీ గిన్నెలో చుక్క నూనె ఉన్నా, తెల్లసొనలో కాస్త పచ్చసొన పడినా నురుగు లేవదు. చిటికెడు ఉప్పు వేసి, బీటర్ పైకెత్తితే నురుగు కొన వంగకుండా నిటారుగా నిలబడేదాకా గిలకొట్టండి. ఇంకా కొడితే పొడిపొడిగా విరిగిపోతుంది. ముందు మూడో వంతు నురుగు పిండిలో కలిపి దాన్ని వదులు చేసి, మిగతాది రెండు విడతలుగా, స్పాచులాతో అడుగు నుంచి పైకి తిప్పుతూ నెమ్మదిగా కలపండి. తెల్లటి చారలు కనపడకపోతే చాలు, అక్కడితో ఆపేయండి.

వెన్న రాసి మైదా చల్లిన పెద్ద బండ్ టిన్‌లో (మధ్యలో గొట్టం ఉండే కేకు టిన్) పోసి సుమారు గంటసేపు బేక్ చేయాలి. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. మామూలు గుండ్రటి టిన్‌లైతే 9 అంగుళాలవి రెండు పడతాయి, 35 నిమిషాలకే చూసుకోండి. 15 నిమిషాలు ఆగి టిన్ బోర్లించి, పూర్తిగా చల్లారాక పొడి పంచదార చల్లండి.

ఇక ఆమె జీవితం. నలుగురు కొడుకుల్లో ఎడ్డీ 1850లో పోయాడు. విల్లీ 1862లో వైట్‌హౌస్‌లోనే టైఫాయిడ్‌తో పోయాడు. అమెరికా అంతర్యుద్ధంలో సవతి తమ్ముళ్లు లింకన్‌కి ఎదురు తిరిగిన దక్షిణ రాష్ట్రాల సైన్యంలో ఉన్నారని జనం ఆమెనీ అనుమానించారు, ఆమె మాత్రం గాయపడ్డ సైనికుల ఆసుపత్రులకి వెళ్లేది. 1865లో పక్కన కూర్చున్న భర్తని కాల్చేశారు. 1871లో చిన్న కొడుకు థామస్ (ముద్దుపేరు ట్యాడ్) కూడా పోయాడు. 1875లో మిగిలిన ఒక్క కొడుకు రాబర్టే కోర్టుకెక్కి ఆమెని పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. నాలుగు నెలలు తిరక్కుండానే బయటికొచ్చింది, మరుసటి ఏడాది కోర్టు ఆమె మతి బాగానే ఉందని తేల్చింది. 1882లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అక్క ఇంట్లో కన్నుమూసింది. ఇన్ని చావులు చూసిన మనిషిని ఖర్చుల లెక్కతో కొలవడం నాకు నచ్చదు.

కేకు మర్నాటికి బాదం వాసన పట్టి ఇంకా బాగుంటుంది, గాలి తగలని డబ్బాలో రెండు రోజులు బయటే ఉంచొచ్చు. మిగిలిన ఆరు పచ్చసొనలతో అదే రోజు కస్టర్డ్ చేసేసుకోండి.