డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టాక మొదటి రెండు నెలలు ఎలా నెట్టుకురావాలి

మన వైజాగ్‌లో ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే చాలు, "వీణ్ణి వాల్తేరు తీసుకెళ్ళండ్రా" అని జోకేస్తారు, చినవాల్తేరులో గవర్నమెంట్ మెంటల్ హాస్పిటల్ ఉంది కాబట్టి. ఆ జోకు భయంతోనే చాలామంది ఆ గేటు దాకా వెళ్ళరు. అయినా ఈమధ్య వెళ్తున్నారు లెండి. నేను చూసినంతలో అసలు గొడవంతా వెళ్ళొచ్చాకే, రెండో వారంలో "ఏం పనిచేయట్లేదు" అని ఒకళ్ళు ఆపేస్తారు, మూడో నెలలో "బానే ఉన్నా కదా" అని ఇంకొకళ్ళు ఆపేస్తారు.

ముందు అసలు ఇది డిప్రెషనా, మామూలు బాధా? మనసు బాగోకపోవడం గానీ, దేనిమీదా ఇంట్రెస్ట్ లేకపోవడం గానీ, ఈ రెండిట్లో ఒకటైనా రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉండాలి, దానికి తోడు నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, నేనెందుకూ పనికిరానన్న ఫీలింగ్, చచ్చిపోవాలన్న ఆలోచన ఇలాంటివి, మొత్తం 9 లక్షణాల్లో కనీసం 5 ఉండి రోజువారీ పనులు దెబ్బతింటుంటే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. కానీ మనిళ్ళల్లో "నాకు దిగులుగా ఉంది" అని ఎవరంటారు? గ్యాస్ అంటారు, తల బరువంటారు, ఒళ్ళు నొప్పులంటారు, స్కాన్లన్నీ తీయిస్తారు, అన్నీ నార్మల్ అనే వస్తాయి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్ళైతే నిద్ర పట్టకపోవడాన్ని నైట్ డ్యూటీ మీదకి తోసేస్తారు. డే షిఫ్ట్‌లో ఉన్నా తెల్లారుజామున మూడింటికే మెలకువొచ్చి మళ్ళీ పట్టట్లేదు, పొద్దున్న లేవలేనంత బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికౌతోంది అంటే ఇంక షిఫ్టుని తిట్టుకోకండి, చూపించుకోండి.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీపీఎం లాంటివి చేసినవాళ్ళు, మందులు రాసేది వాళ్ళే. క్లినికల్ సైకాలజిస్ట్ కౌన్సెలింగ్, థెరపీ చేస్తారు, మందులు రాయరు. ఎవరి దగ్గరికెళ్ళాలో తెలియకపోతే 14416కి చేయండి, టెలిమానస్ అని మానసిక సమస్యలకి గవర్నమెంట్ హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో పెట్టారు, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

వెళ్ళేటప్పుడు ఓ కాగితం మీద రాసుకెళ్ళండి, అక్కడ కూర్చున్నాక సగం గుర్తురావు. ఎప్పట్నుంచి, నిద్ర ఎన్ని గంటలు, బరువు తగ్గారా, మందు ఎంత తాగుతారు (ఇక్కడ అబద్ధం చెప్పొద్దు), వేసుకునే బీపీ, షుగర్, ఆయుర్వేదం మాత్రలన్నీ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఇంకోటి చాలా ముఖ్యం, గతంలో ఎప్పుడైనా నిద్రే లేకుండా విపరీతమైన హుషారుగా, డబ్బులు తెగ ఖర్చుపెట్టి, ఆపకుండా మాట్లాడిన రోజులున్నాయా అన్నది. ఉంటే అది బైపోలార్ (దిగులూ, అతి హుషారూ మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు, దానికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి మళ్ళీ ఆ అతి హుషారు వైపు తిరిగిపోయే ప్రమాదం ఉంది. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ టెస్టులు రాస్తే విసుక్కోకండి, అవి తేడాగా ఉన్నా అచ్చం ఇలాగే ఉంటుంది. ఇంకా, భార్యని తీసుకెళ్ళి మొత్తం మీరే మాట్లాడేయకండి బాబూ, ఆవిణ్ణి డాక్టరుతో ఓ పది నిమిషాలు ఒంటరిగా వదలండి.

మామూలుగా ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు చిన్న డోసుతో మొదలుపెడతారు. మొదటి వారం కడుపులో తిప్పడం, తలనొప్పి, కాస్త గాభరా ఉండొచ్చు, చాలామందికి అదే సర్దుకుంటుంది. తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అంటే మొదట సైడ్ ఎఫెక్టులు, తర్వాతే గుణం, జనం ఆపేసేది సరిగ్గా ఆ మధ్యలోనే. "అలవాటైపోతాయంట కదా" అన్న భయం కూడా ఉంటుంది, అలవాటయ్యే రిస్క్ ఉన్నది మొదట్లో నిద్రకనో గాభరాకనో కొద్దిరోజులకి రాసే క్లోనజెపామ్ లాంటి మాత్రకి, దాన్ని చీటీలో రాసినన్నాళ్ళే వాడాలి. డిప్రెషన్ మాత్రకి ఆ రిస్క్ లేదు. సెక్స్ విషయంలో తేడా వస్తే సిగ్గుపడి చెప్పకుండా మానేస్తారు, చెబితే డోసో మందో మారుస్తారు కదా.

ఇంట్లోవాళ్ళు మొదటి వారాల్లో కనిపెట్టుకుని ఉండాలి, 25 ఏళ్ళలోపు పిల్లలైతే మరీనూ, మనసు తేలికపడకముందే ఒంట్లో ఓపిక రావడం, చావు ఆలోచనలు పెరగడం కొందరిలో జరుగుతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి, అదే రోజు డాక్టరుకి చూపించండి, రాత్రయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.

"బీచ్‌కెళ్ళి గాలి పీల్చుకో, ధైర్యంగా ఉండు" అనకండి, మంచం దిగలేని మనిషికి ఆర్కే బీచ్ ఎక్కడో అమెరికాలో ఉన్నట్టుంటుంది. స్నానం చేయించండి, మీతో పాటు రైతుబజార్‌కి తీసుకెళ్ళి కొత్తిమీర కట్ట ఏరమనండి, రేపు ఇంకాస్త. థెరపీలో కూడా ఇదే పద్ధతి ఉంది, మూడ్ వచ్చాక పని కాదు, పని మొదలెట్టాక మూడ్. సింహాచలం మొక్కుంటే తీర్చుకోండి, అప్పన్న స్వామి మాత్ర మానేయమని ఎవరికీ చెప్పలేదు.

ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. ఠక్కున ఆపితే కళ్ళు తిరగడం, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు ఉండటం, చిరాకు రావచ్చు, దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. బాగయ్యాక కూడా మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, రెండోసారో మూడోసారో వచ్చినవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆ తర్వాత డాక్టరే మెల్లగా తగ్గిస్తారు, ఆ తగ్గించే టైం మాత్రం ఇంట్లో పెళ్ళి, పరీక్షలు, ట్రాన్స్‌ఫర్ ఏమీ లేనప్పుడు పెట్టుకోండి.