పరీక్షలు, కొత్త ఉద్యోగం ముందు: టైప్ 1 షుగర్ ఉన్న యువత జాగ్రత్తలు

పరీక్షల నెల, ఇల్లు వదిలి హాస్టల్లో చేరే వారం, ఉద్యోగంలో తొలి రోజులు. అప్పుడు ముందు అలిసిపోయేది మనసు. షుగర్ చూసే మీటర్ కళ్లెదుటే ఉన్నా వేలు గుచ్చుకోబుద్ధి కాదు. ఒక పూట ఇన్సులిన్ మానేస్తాం, ఏమీ కాలేదు కదా అని ఇంకో పూట. ఇది బద్ధకం కాదు. ఏళ్ల తరబడి సెలవు లేకుండా ఈ లెక్కలు మోసినందుకు వచ్చే అలసట. దీనికి డాక్టర్లు డయాబెటిస్ డిస్ట్రెస్ అని పేరే పెట్టారు. కాబట్టి డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడొద్దు.

ఒకసారి పరీక్ష ముందు రాత్రి నాకు చేతులు వణికాయి, చెమట పట్టింది, గుండె దడదడలాడింది. టెన్షన్ అనుకుని పడుకోబోయాను. ఎందుకో మీటర్ తీస్తే 58. టెన్షన్‌కూ లో షుగర్‌కూ లక్షణాలు దాదాపు ఒకటే, అందుకే ముందు షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

రూమ్మేట్‌కో స్నేహితుడికో ముందే చెప్పి ఉంచండి: గ్లూకోజ్ ఎక్కడుందో, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలని.

తిండి సహించకపోయినా లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ (నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేది) పూర్తిగా మానొద్దు. మోతాదు సంగతి డాక్టర్ని అడగండి. వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి, నోటి నుంచి పండ్ల వాసన ఉంటే, లేదా రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు పేరుకునే ఆమ్లాలు) 3 mmol/L దాటితే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అక్కడ నిజం చెప్పండి. "ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది" అంటే సెలైన్, ఇన్సులిన్ ఎక్కించి నిలబెడతారు, కానీ మానేసిన కారణం మీతోనే ఇంటికొస్తుంది. "విసుగొచ్చి వేసుకోలేదు" అన్న ఒక్క మాటతో కౌన్సెలర్ దగ్గరికి దారి దొరకొచ్చు. లావవుతానన్న భయంతో మానేస్తుంటే అదీ చెప్పండి.

రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి. బతకాలని లేదనిపిస్తే అదీ ఎమర్జెన్సీయే. ఒంటరిగా ఉండకండి. వెంటనే ఎవరినైనా పిలిచి, ఇన్సులిన్ వాళ్ల చేతికిచ్చి, వాళ్లతోనే ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మానాన్నలకు ఒక మాట: ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్న "షుగర్ ఎంతుంది?" కాకుండా చూడండి.

పిల్లల డాక్టర్ నుంచి పెద్దల డాక్టరుకు మారుతుంటే, చేతిలో ఇన్సులిన్ అయిపోకముందే కొత్త డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.