నీళ్లడుగున చిన్న ప్రాణులు – 4వ పాఠం: లెన్సు కొనే ముందు దూరం కొలవండి

సముద్రంలో మునిగి చిన్న ప్రాణుల ఫొటోలు, వీడియోలు తీయడం మన పాఠం. పోయిన మూడు పాఠాల్లో ఊపిరి, తేలడం, కాళ్లు ఆడించడం గురించి చెప్పుకున్నాం. ఈసారి జేబు సంగతి. లెన్సు, పోర్టు (నీరు చొరని కెమెరా పెట్టెకు లెన్సు ముందుండే అద్దపు ముఖం), అదనపు అద్దం, స్టాండు. వీటిలో ఏది ముందు కొనాలి, దేనికి ఆగాలి అన్నది చూద్దాం.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నాకు తెలిసి ఈ పిచ్చి పట్టినవాళ్లంతా పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లే. నేనూ ఆ బాపతే. ఉంగరాలు, మంగళసూత్రం, పెళ్లికూతురి చేతి గోరింటాకు దగ్గరగా, పెద్దగా తీసే 100 ఎం.ఎం. మాక్రో లెన్సు మన సంచీలో ఎప్పుడూ ఉంటుంది. దాన్నే హౌసింగులో, అంటే ఆ నీరు చొరని పెట్టెలో, పెట్టుకుని దిగిపోవచ్చు కదా అన్నదే మొదటి ప్రశ్న. దిగొచ్చు. కానీ మన తీరంలో అది రెండో ఎంపిక అంటాను. ఎందుకో తెలియాలంటే ముందు ఇంట్లో ఒక పని చేయండి.

బడిపిల్లల స్కేలు ఒకటి బల్ల మీద పెట్టి, లెన్సును ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో అంత దగ్గరికి తీసుకెళ్లి ఫొటో తీయండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (బొమ్మ పడే సెన్సారు 36 మి.మీ. వెడల్పుండేది) అడ్డంగా 36 మి.మీ. కనిపిస్తే మీది నిజమైన 1:1 మాక్రో, అంటే వస్తువు సెన్సారు మీద అసలు సైజులోనే పడుతుంది. నికాన్, సోనీల చిన్న సెన్సారయితే 23 మి.మీ. పైచిలుకు, కెనాన్‌దయితే 22 మి.మీ. పైచిలుకు, మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 17 మి.మీ. కనిపించాలి. స్కేలు తీసేసి పది రూపాయల బిళ్ల పెట్టండి. దాని వెడల్పు 27 మి.మీ. కాబట్టి ఫుల్ ఫ్రేములో పైనా కిందా కాస్త తెగుతుంది. నీళ్లలో మనం వెతికే న్యూడీబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త), సన్యాసి పీత (ఖాళీ గుల్లలో ఉండేది), రాయికి అంటుకున్న చిన్న గోబీ చేప చాలాసార్లు ఈ బిళ్లంతే ఉంటాయి, లేదా ఇంకా చిన్నవి.

ఇప్పుడు బిళ్ల కదలకుండా, లెన్సు మూతికీ బిళ్లకూ మధ్య దూరం కొలవండి. లెన్సు పెట్టె మీద ఉండే కనీస దూరం సెన్సారు నుంచి లెక్క, అది మనకు పనికిరాదు. నికాన్ 105 పెట్టె మీద 31.4 సెం.మీ. అని ఉంటుంది, నిజంగా మూతి ముందు మిగిలేది సుమారు 15. నికాన్ 60 పెట్టె మీద 18.5 అని ఉంటుంది, మూతి ముందు మిగిలేది సుమారు 5. గాలిలో ఈ తేడా మనకు పట్టదు. పైగా 100 అయితే పెళ్లికూతురి మీద మన నీడ పడదని సంతోషిస్తాం కూడా.

నీళ్లలో ఆ దూరమంతా నీళ్లే. బరంపురం దగ్గరి గోపాలపురం బీచిలో వానాకాలంలో నిలబడి మోకాలి లోతులో మీ కాలివేళ్లు చూసుకోండి, కనిపించవు. రుషికుల్య, బాహుదా తెచ్చే బురద, అలలు లేపే ఇసుక, నాచు నలుసులు అన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. లెన్సుకూ పీతకూ మధ్య ఎన్ని సెంటీమీటర్ల నీళ్లుంటే అన్ని నలుసులు ఫొటోలోకొస్తాయి, ఫ్లాష్ వెలుగు తగిలి తెల్లచుక్కలై మెరుస్తాయి. పైగా రంగు కూడా మాసిపోతుంది. అందుకే మన నీళ్లకు 50, 60 ఎం.ఎం. మాక్రోయే ముందు. ఇంట్లో పక్కన పెట్టేసిన పాత చిన్న సెన్సారు బాడీ ఉంటే దాని మీద 60 దాదాపు 90లా పనిచేస్తుంది, దగ్గరితనం మాత్రం 60దే. నాకు ఇష్టమైన జత ఇదే.

100కి కూడా దాని చోటు ఉంది. బొరియలోంచి తల బయటపెట్టి చూసే గోబీ దగ్గరికి 60తో పోతే అది లోపలికి దూకేస్తుంది. పైగా అంత దగ్గరయ్యాక పోర్టు నీడే దాని మీద పడుతుంది, లైటు దూర్చే సందుండదు. అండమాన్‌లోలా తేటనీళ్లు దొరికినప్పుడు 100 తీయండి.

పోర్టు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. మాక్రోకు చదునైన అద్దం ఉన్న ఫ్లాట్ పోర్టే, గుండ్రటి డోము వైడ్ యాంగిల్‌కు. నీటి వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33 కాబట్టి చదునైన అద్దంలోంచి చూస్తే వస్తువు ఉన్న దూరంలో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. తిరగేసి చెప్పాలంటే, అద్దం ముందు గాలిలో 12 సెం.మీ. దగ్గర ఫోకస్ అయ్యేది నీళ్లలో 16 సెం.మీ. దగ్గర అవుతుంది. చూసుకోవాల్సింది పోర్టు పొడవు ఒక్కటే. 100కి చేసిన పొడుగు పోర్టులో 60 పెడితే, ఆ అయిదు సెంటీమీటర్లూ పోర్టు లోపలే అయిపోతాయి. పీత అద్దానికి ముక్కు ఆనించినా ఫోకస్ కాదు.

ఇక డయాప్టర్లు, అంటే బొమ్మ ఇంకా పెద్దగా రావడానికి లెన్సు ముందు తగిలించే అదనపు అద్దాలు. ఇక్కడ నా డబ్బు పోయిన కథ చెప్పాలి.

1:1 చాలక, ఇంకా పెద్దగా కావాలని +10 (ఇది అద్దం బలం) క్లోజప్ ఫిల్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పోర్టు ముందున్న 67 మి.మీ. మరకు చక్కగా సరిపోయింది. ఇంట్లో బల్ల మీద చీమ కళ్లు కనిపించాయి. ఆ ఉత్సాహంతో నాలుగైదు గంటలు రైల్లో విశాఖ వెళ్లి, మర్నాడు రుషికొండ దగ్గర దిగాను. నీళ్లలో ఆ ఫిల్టరు ఉన్నా లేకపోయినా ఒకేలా ఉంది. పాడైందనుకుని పైకొచ్చి చూస్తే బాగానే ఉంది. మళ్లీ దిగితే మళ్లీ అంతే. అమ్మినవాడిని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తప్పు నాదేనని బాల్చీ చెప్పింది.

మీరూ చూడండి. ఇంట్లో భూతద్దం తీసి, బాల్చీ అడుగున ఒక బిళ్ల వేసి, ముందు నీళ్లు లేకుండా చూడండి, బిళ్ల పెద్దగా కనిపిస్తుంది. ఇప్పుడు నీళ్లు పోసి భూతద్దాన్ని మునిగేలా పట్టుకోండి. పెద్దది చేసే గుణం దాదాపు పోతుంది. అద్దం వెలుగును వంచేది దానికీ చుట్టూ ఉన్నదానికీ గుణకంలో ఉన్న తేడా వల్లే. అద్దం 1.5, గాలి 1, తేడా బాగా ఉంది. నీరు 1.33 కాబట్టి తేడా కొంచెమే. లెక్కేస్తే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నా +10 నీళ్లలో +2.5 అయింది.

అందుకే నీళ్లలో పెట్టే వెట్ డయాప్టర్ వేరేగా చేస్తారు. రెండు మూడు అద్దాల మధ్య గాలి బిగించి, నీరు చొరకుండా మూసేస్తారు. వంచే పని లోపలి గాలి దగ్గర జరుగుతుంది, బయటి ముఖం చదునుగా ఉంటుంది. కొనేముందు అడగాల్సింది ఈ ఒక్క మాటే: లోపల గాలి ఖాళీ ఉందా? బలం ఎంతుంటే అంత దగ్గరికి పోవాలి. లెన్సు అనంతం దగ్గర ఫోకస్ అయి ఉంటే, గాలిలో 100ను డయాప్టరు సంఖ్యతో భాగించండి, దూరం సెంటీమీటర్లలో వస్తుంది. +5కి 20, +10కి 10. ఇదే డయాప్టరు 60 కన్నా 100 మీద ఎక్కువ పెద్దది చేస్తుంది. కాబట్టి ఇప్పటికే 100 ఉండి, వేరే లెన్సుకు డబ్బు లేకపోతే, +5 వెట్ డయాప్టరు ఒకటి తగిలిస్తే బొమ్మా పెరుగుతుంది, మధ్యలో నీళ్లూ తగ్గుతాయి. చేత్తో తిప్పి పక్కకు జరిపే బందుతో కొనండి, చేప దూరంగా ఉన్నప్పుడు తీసేయడానికి.

మాక్రో లెన్సే లేనివాళ్లు పెద్ద కెమెరా జోలికి పోకుండా ఒలింపస్ టీజీ-6 (2019లో వచ్చింది) లేదా తర్వాతి టీజీ-7 చూడండి. హౌసింగు లేకుండానే 15 మీటర్ల దాకా తట్టుకుంటుంది, అద్దానికి 1 సెం.మీ. దగ్గరగా ఫోకస్ చేస్తుంది. మధ్యలో నీళ్లే ఉండవు. మొదటి ఏడాదికి ఇది చాలు.

లెన్సు అయింది. ఇప్పుడు అందరూ చివర్లో కొనేది, నేను ముందే కొనమనేది: స్టాండు.

1:1 దగ్గర ఎఫ్/16 పెట్టి లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసినా ఫుల్ ఫ్రేములో స్పష్టంగా వచ్చే మందం 2 మి.మీ. లోపే, బియ్యపు గింజంత. 2:1కి, అంటే అసలుకు రెట్టింపుకు, వెళ్తే ముప్పావు మిల్లీమీటరు. వీడియోకు ఎఫ్/8 పెడితే 1:1 దగ్గరే 1 మి.మీ. కెరటం మిమ్మల్ని అర అడుగు ఊపుతుంటే ఆ మిల్లీమీటరును పట్టుకోవాలి. ఫొటోకయితే ముందుకూ వెనక్కీ ఊగుతూ పది తీసి ఒకటి ఉంచుకోవచ్చు. వీడియోలో ఆ వీలు లేదు. ఆటోఫోకస్ ఆపి, ఫోకస్ బిగించేసి, మూడు కాళ్ల చిన్న ట్రైపాడ్‌ను ఇసుకలో దింపి, చేతులు తీసేయడమే. కాళ్లు విడివిడిగా వంగేవి తీసుకోండి, రాళ్ల మధ్య నిలబడతాయి. ఫొటోలకు అయితే ఒక సన్నని స్టీలు కడ్డీ చాలు. ఎడం చేత్తో ఇసుకలో గుచ్చి దాన్ని పట్టుకుంటే ఒళ్లు నిలుస్తుంది. అది పట్టుకోవడానికి, పీతను పొడవడానికి కాదు. సముద్ర గుర్రాలయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, తాకకుండా చూసి రండి.

బరువు సంగతి. హౌసింగు, లైట్లు, డయాప్టరు కలిపితే నీళ్లలో కూడా ముంజేయి లాగేస్తుంది. ఎంత లాగుతుందో తెలియాలంటే తూచాలి. గోపాలపురం ఒడ్డున పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో సముద్రపు నీళ్లు పోసి, కాటా కొక్కేనికి కెమెరాను వేలాడదీసి తూచుతుంటే, వల బాగుచేసుకుంటున్న మామ నవ్వాడు. "ఏటి బాబూ, చేపను తూస్తారు గాని, కెమెరాను నీళ్లలో ముంచి తూస్తారేటి?" అన్నాడు. ముల్లు 600 గ్రాముల దగ్గర నిలిచింది. అంటే సుమారు 600 మిల్లీలీటర్ల చోటు ఆక్రమించే, తనకంటూ బరువు లేని తేలుడు కావాలి. మామ రెండు వల బెండ్లు ఇచ్చాడు. తొట్టిలో బాగా తేలాయి. గట్టి బెండు అయితే కొంత పని చేస్తుంది, మెత్తటి ఫోము మాత్రం వద్దు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, మూసిన ఖాళీ నీళ్ల సీసా అక్కడ సగమవుతుంది. మెత్తటి ఫోము కూడా అలాగే నలిగి, పైన తేలింది కింద మునుగుతుంది. నలగని ఫ్లోట్ ఆర్ములు (లైట్లను పట్టుకునే, నీళ్లలో తేలే కడ్డీలు) కొనడానికి కారణం అదే. ఫొటోలకు చేయి వదిలితే దాదాపు నిలిచేలా, వీడియోకు 200 గ్రాముల దాకా బరువుండి ట్రైపాడ్ ఇసుకలో కూర్చునేలా సర్దుకోండి.

లైట్ల మీద వచ్చే పాఠమంతా ఉంది కాబట్టి ఇప్పుడు ఒక్కటే. మాక్రోకు పొడవు ఆర్ములు దండగ. 12 నుంచి 20 సెం.మీ. ముక్కలు రెండు, క్లాంపులు మూడు, లైటు పోర్టు పక్కకు వచ్చేలా చాలు.

ఓ రింగు, అంటే హౌసింగు మూత దగ్గర నీరు చొరకుండా ఆపే రబ్బరు చుట్టు, విషయంలో నేను చెప్పేది తువ్వాలు గురించి. హౌసింగు మూసేటప్పుడు కొత్త తువ్వాలు వాడకండి, నూలు పోగు ఒక్కటి రింగు మీద పడితే చాలు నీరు చొరడానికి. ఉతికి పలచబడ్డ పాత పంచె ముక్క మేలు. గ్రీజు మెరుపు వచ్చేంతే రాయండి, దట్టంగా రాస్తే ఇసుకను అదే పట్టుకుంటుంది. దిగే ముందు కెమెరా లేకుండా ఖాళీ హౌసింగును ఒకసారి ముంచి తీయండి.

ఎప్పుడు దిగాలి? ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు గాని సముద్రం మురికి, ఆ నెల బాల్చీకి. ధనుర్మాసంలో మళ్లీ ఖాళీ దొరుకుతుంది, నీళ్లూ కాస్త తేరుతాయి, అప్పుడు విశాఖ టికెట్ తీయండి.

ఈ వారం పని: సిమెంటు తొట్టిలో నీళ్లు పోసి, గుప్పెడు ఇసుక కలిపి మడ్డి చేయండి. అడుగున పది రూపాయల బిళ్ల. కెమెరాను తొట్టి బయటే పెట్టి, అక్వేరియం గాజుపెట్టె ఒకదాన్ని ఖాళీగా నీళ్లలోకి నొక్కి, దాని అడుగు అద్దంలోంచి తీయండి. అదే మీ ఫ్లాట్ పోర్టు. గాజుపెట్టె అడుగుకూ బిళ్లకూ మధ్య 20 సెం.మీ. నీళ్లుంచి ఒకటి, 5 సెం.మీ. ఉంచి ఒకటి తీయండి. రెండు ఫొటోలనూ పెద్దవి చేసి, బిళ్ల మీద అంకె ఎందులో ఎంత చదవగలుగుతున్నారో, తెల్లచుక్కలు ఎన్నో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. లైట్ల పాఠానికి ఆ కాగితం కావాలి.